హాలీ రూపాయి గుమ్మంలో ఒక అక్షరం

చార్మినార్ బొమ్మ ఉన్న వెండి రూపాయి బరువు 11.178 గ్రాములు. అందులో అచ్చమైన వెండి వెయ్యికి 818 పాళ్ళు. హెచ్చవేస్తే తొమ్మిది గ్రాముల పద్నాలుగు సెంటీగ్రాములు. కిలో వెండి లక్ష రూపాయలు ఉన్న రోజున ఆ వెండి ఖరీదు సుమారు 914 రూపాయలు. బంగారం కొట్టుకి పట్టుకెళ్తే ఆ లెక్కే కడతారు, తరుగు పేరు చెప్పి ఇంకొంచెం కోస్తారు. ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల బజారులో, పుస్తకాల గుట్టల మధ్య ఒక గుడ్డ పరుచుకుని నాణేలు పెట్టుకునే మనిషి మాత్రం దాన్ని తిరగేసి చూస్తాడు. బరువు తర్వాత చూస్తాడు. ముందు గుమ్మం చూస్తాడు.

అవును, చార్మినార్ గుమ్మమే. నాణెం మీద ఉన్న ఆ చిన్న కమాను లోపల ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. అది ‘మీమ్’ అయితే మహబూబ్ అలీ ఖాన్ రూపాయి. ‘ఐన్’ అయితే ఉస్మాన్ అలీ ఖాన్ రూపాయి. పాత వెండి నాణేలకి విలువ ఎక్కణ్ణుంచి వస్తుందని అడిగేవాళ్ళకి నాకు తెలిసినంతలో ఈ గుమ్మాన్ని మించిన జవాబు లేదు. పాతదనం వల్ల వస్తుందని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. రెండు వేల ఏళ్ళ నాటి నాణేలు కొన్ని చవగ్గానే దొరుకుతాయి. వందేళ్ళు కూడా నిండని కొన్ని నాణేల కోసం జనం ఏళ్ళ తరబడి వెతుకుతారు. వెండి వల్ల అసలే కాదు, వెండికి రేటు పొద్దున్నే పేపర్లో వస్తుంది. నాణెం మీద ఏం రాసుంది, అలా రాసినవి ఇంకెన్ని మిగిలాయి, రాసింది ఇంకా చదవడానికి వీలుగా ఉందా అన్నవే సేకరించేవాళ్ళు డబ్బు పెట్టి కొనేవి.

హైదరాబాద్ వెండి గురించి మాట్లాడటానికి ఆబిడ్స్, నాంపల్లి సరైన చోటు. ఆబిడ్స్ అనే పేరే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఖాస నౌకరుగా ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ నుంచి వచ్చింది. ఆర్మీనియా మూలాలున్న యూదుడు. అతని దుకాణం ఉన్న చోటు అతని పేరుతోనే నిలిచిపోయింది. 1891లో జేకబ్ వజ్రం బేరం నడిచి, అది కలకత్తా కోర్టు దాకా వెళ్ళినప్పుడు ఆ వ్యవహారంలో ఈ ఆబిద్ పేరు కూడా వినబడింది. అక్కణ్ణుంచి నాలుగడుగులు వేస్తే గన్‌ఫౌండ్రీ. పాతవాళ్ళు తోప్ కా సాంచా అంటారు. 1941లో పెట్టిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు ప్రధాన కార్యాలయం అక్కడే ఉండేది. నిజాం ప్రభుత్వ సిక్కా లావాదేవీలు చూసింది ఆ బ్యాంకే. రైల్వే స్టేషను దాటి అటు వెళ్తే పబ్లిక్ గార్డెన్స్, అందులో రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాల. దేశంలోని పెద్ద నాణేల సేకరణల్లో అదొకటి. ఇంకొంచెం ముందుకెళ్తే సైఫాబాద్ టంకశాల. నాణెం పుట్టిన చోటు, దాన్ని లెక్కపెట్టిన బ్యాంకు, దాచిపెట్టిన మ్యూజియం, తిరిగి అమ్ముడుపోయే ఫుట్‌పాత్ అన్నీ ఒక సాయంత్రం నడకలో చూసెయ్యొచ్చు.

ఈ రూపాయిని చదవడం పెద్ద విద్యేం కాదు. బొమ్మా బొరుసా అంటాం కదా, దీనికి బొమ్మ వైపు చార్మినార్, చుట్టూ ‘నిజాముల్ ముల్క్ ఆసఫ్ జా బహదూర్’, హిజ్రీ సంవత్సరం, 92 అనే అంకె. బొరుసు వైపు ‘యక్ రూపియా’, పాలకుడు గద్దెనెక్కి ఎన్నేళ్ళయిందో ఆ సంఖ్య, ‘జర్బ్ ఫర్ఖుందా బున్యాద్ హైదరాబాద్’, అంటే శుభమైన పునాది ఉన్న హైదరాబాద్‌లో ముద్ర పడింది అని. ఆ 92 చాలామందిని బోల్తా కొట్టిస్తుంది. ఒకసారి ఒక అమ్మకందారు నాతో ‘సార్, ఇది తొంభై రెండో సాల్‌ది, చాలా పాతది’ అన్నాడు. 92 సంవత్సరం కాదు. అరబ్బీ అక్షరాలకి అంకెల విలువ కట్టే పద్ధతి ఒకటి ఉంది, దాన్ని అబ్జద్ అంటారు. మీమ్‌కి 40, హేకి 8, మళ్ళీ మీమ్‌కి 40, దాల్‌కి 4. కూడితే 92. ముహమ్మద్ అనే పేరది. అతనికి ఇది చెప్తే నవ్వి, ‘అయితే కూడా పాతదే కద సార్’ అన్నాడు. రేటు మాత్రం తగ్గించలేదు.

హిజ్రీ అంకెలు గుర్తుపట్టడానికి అయిదు నిమిషాలు చాలు. ఒకటి నిలువు గీత. రెండుకి ఒక కొమ్ము, మూడుకి రెండు కొమ్ములు. తొమ్మిది మనకి తెలిసిన 9 లాంటిదే. అరిగిన నాణెం మీద రెండుకీ మూడుకీ తేడా తెలియక గొడవలొస్తాయి, అక్కడ మాత్రం భూతద్దం కావాలి. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో హెచ్చవేసి 622 కలిపితే సుమారుగా మన లెక్క వస్తుంది. 1329ని అలా మారిస్తే 1911.

ఆ 1329నే చూద్దాం. ఆ హిజ్రీ సంవత్సరం 1911 జనవరి మొదట్లో మొదలై డిసెంబరులో ముగిసింది. ఆగస్టు 29న మహబూబ్ అలీ ఖాన్ పోయారు. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కారు. అంటే ఒకే సంవత్సరం అంకె మీద ఎనిమిది నెలలు మీమ్, మిగిలిన నాలుగు నెలలు ఐన్. అంతటితో అయిపోలేదు. ఉస్మాన్ మొదటి రూపాయిల మీద ఐన్ పూర్తిగా ఉండదు, పదం మొదట్లో వచ్చినప్పుడు రాసే పొట్టి రూపంలో, తల మాత్రమే ఉంటుంది. 1330లో దాన్ని మార్చి, కింద తోక తిరిగిన నిండు ఐన్ పెట్టారు. ఎందుకు మార్చారో ఊహించడం కష్టం కాదు. ఆ కమానులో పొట్టి ఐన్ చూస్తే అక్షరంలా కాదు, ఏదో గీత పడినట్టు ఉంటుంది. కొత్త రాజు మొదటి అక్షరం గీతలా కనబడితే బాగుండదు. అలా పొట్టి ఐన్ నాణేలు కొద్దికాలమే పడ్డాయి. సేకరించేవాళ్ళు గుమ్మం చూసేది అందుకు.

తమాషా ఏమిటంటే, అదే 1911లో కలకత్తా, బొంబాయి టంకశాలలకి కూడా కొత్త రాజు అవస్థే వచ్చింది. అయిదో జార్జి రూపాయి మీద రాజు వేసుకున్న అంగీపై చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. దాని తొండం పొట్టిగా పడి, పంది అనుకున్నారు జనం. ముస్లింలకి కోపం వచ్చింది. 94 లక్షలు ముద్ర వేస్తే సుమారు ఏడు లక్షలు బయటికి వెళ్ళాయి, తక్కినవి మళ్ళీ కరిగించారు. 1912లో ఏనుగుకి తొండం సరిచేశారు. 1911 జార్జి రూపాయికి ఇవ్వాళ సేకరణలో గిరాకీ ఉందంటే కారణం అదే. వెండిలో ఏ తేడా లేదు.

ఇంత చిన్న అక్షరానికి ఇంత పట్టింపు ఎందుకంటే, హైదరాబాద్ రూపాయి మీద దాన్ని వేయించిన రాజు పేరు ఉండదు. పైన రాసిన ‘నిజాముల్ ముల్క్ ఆసఫ్ జా బహదూర్’ చూడండి. అది 1724లో ఈ వంశాన్ని నిలబెట్టిన మొదటి నిజాం బిరుదు. మహబూబ్ నాణెం మీద అదే, ఉస్మాన్ నాణెం మీద అదే. ఎవరి కాలంలో పడిందో చెప్పేది ఆ ఒక్క అక్షరమూ, పక్కనున్న అంకెలూ. ఈ ఊరి వెండి చరిత్ర మొత్తం ఇలాగే, ఎవరి పేరు వెయ్యాలి, ఎవరి పేరు వెయ్యకూడదు అన్న తగువులోంచి పుట్టింది.

కొంచెం వెనక్కి వెళ్దాం. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ వజ్రాల కోసం ప్రపంచమంతా వచ్చేది. కాని ఆ రాజులు తమ పేరుతో వేయించిన నాణేలు దాదాపు అన్నీ రాగివే. పెద్ద బేరాలు హొన్నుల్లో జరిగేవి, చిల్లరకి రాగి. 1636లో అబ్దుల్లా కుతుబ్‌షా షాజహాన్‌కి లొంగుబాటు పత్రం రాసిచ్చాడు. ఏటా రెండు లక్షల హొన్నుల కప్పంతో పాటు, ఖుత్బాలో పేరు షాజహాన్‌ది, నాణెం మీద పేరు షాజహాన్‌ది అన్నది షరతు. గోల్కొండ పేరు మోసిన వెండి రూపాయిలు కనబడేది ఆ తర్వాతే, అవి షాజహాన్ పేరుతో. ఆ అబ్దుల్లాయే తర్వాత వేయించిన రాగి నాణేల మీద ‘మంచిగా, శుభంగా ముగిసింది’ అనే అర్థం వచ్చే మాట చెక్కించాడు. ఏం ముగిసిందని ఆయన ఉద్దేశమో గాని, ఆ రాగి నాణెం చేతిలో పట్టుకుంటే మనసు ఒకలా అయిపోతుంది. 1687లో ఔరంగజేబు గోల్కొండని పట్టుకున్నాక హైదరాబాద్ రూపాయి మీద ఊరి పేరుకి ముందు ‘దారుల్ జిహాద్’ అనే విశేషణం వచ్చి చేరింది. ఆసఫ్‌జాహీల కాలంలో దాని చోటులో ‘ఫర్ఖుందా బున్యాద్’ కుదురుకుంది. యుద్ధభూమి అన్న ఊరే శుభమైన పునాది అయింది. ఈ మార్పు మీకు ఏ ఫర్మానాలోనూ ఇంత తేటగా కనబడదు. రెండు వెండి రూపాయిలు పక్కపక్కన పెడితే చాలు.

నిజాములు పేరుకి మొగల్ చక్రవర్తి సుబేదార్లే కాబట్టి, నూట ముప్ఫై ఏళ్ళకి పైగా నాణెం ఢిల్లీ పాదుషా పేరుతోనే పడింది. పాదుషాకి తన కోట గోడ దాటితే మాట చెల్లని రోజుల్లో కూడా. కాని సికిందర్ జా కాలం నుంచీ ఆ పాదుషా పేరు పక్కన, ఏదో అలంకారంలా, ఒక చిన్న అక్షరం కనబడుతుంది. సికిందర్‌కి సీన్, నాసిరుద్దౌలాకి నూన్. పైకి విధేయత, మూలన సంతకం. 1857 తిరుగుబాటు అణిగి బహదూర్ షా రంగూన్ వెళ్ళిపోయాక ఢిల్లీలో వెయ్యడానికి పేరే లేకుండా పోయింది. అఫ్జలుద్దౌలా అప్పుడు మొదటి నిజాం బిరుదుని నాణెం మీదికి తెచ్చాడు. ఇంగ్లండు రాణి పేరు వెయ్యలేదు, తన పేరూ వేసుకోలేదు. మీమ్, ఐన్ అక్షరాలు ఆ మూల సంతకం వారసులే. 1903లో సైఫాబాద్‌లో కొత్త టంకశాల వచ్చి, యంత్రం మీద చార్మినార్ బొమ్మతో నాణేలు పడటం మొదలయ్యాక, మూలన దాక్కున్న అక్షరం గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

యంత్రం మాట వచ్చింది కాబట్టి హాలీ, కల్దార్ సంగతి చెప్పాలి. మా పెద్దవాళ్ళ తరం దస్తావేజుల్లో ‘ఇన్ని రూపాయలు హాలీ సిక్కా’ అనో, ‘ఇన్ని కల్దార్’ అనో రాయనిదే లెక్క తెగేది కాదు. హాలీ అంటే ఇప్పుడు చెలామణిలో ఉన్నది. కల్దార్ అంటే యంత్రంతో చేసినది, అంటే ఇంగ్లీషువాళ్ళ రూపాయి. నిజాం రూపాయిని అప్పటికి సుత్తితో కొట్టి చేసేవాళ్ళు. అంచులు సమంగా ఉండవు, అచ్చు పక్కకి జరిగి అక్షరాలు సగం బయటికి పోతాయి. 1890లలో మొదటి యంత్రం నాణేలు వచ్చాయి, వాటిని చర్ఖీ అన్నారు, చర్ఖ్ అంటే చక్రం. ఆ తర్వాత చార్మినార్ రూపాయి కూడా యంత్రం మీదే పడింది. అయినా జనం నోట్లో అది హాలీయే, ఇంగ్లీషువాళ్ళదే కల్దార్. పేరు పడ్డాక యంత్రం ఎవరికుంటే ఏం?

రెండిటి మధ్య మారకం 100 కల్దార్‌కి 116 రూపాయల 10 అణాల 8 పైలు హాలీ. చూడటానికి పిచ్చి లెక్కలా ఉంటుంది. కాని ఆరు కల్దార్‌కి ఏడు హాలీ అని చూడండి. కల్దార్ బరువు 11.66 గ్రాములు, అందులో వెండి పన్నెండింట పదకొండు పాళ్ళు, అంటే 10.69 గ్రాములు. ఆరు కల్దార్లలో వెండి 64.15 గ్రాములు. ఏడు హాలీలలో 64 గ్రాములు. కొన్ని బియ్యపు గింజల బరువుకి మించని తేడా. 1893లో ఇంగ్లీషు ప్రభుత్వం ఎవరు పడితే వాళ్ళు వెండి తెచ్చి నాణెం చేయించుకునే వెసులుబాటు ఆపేశాక కల్దార్ విలువ దానిలోని వెండి కంటే పైకి పోయింది. కాబట్టి ఈ మారకం రేటుని నిలబెట్టింది వెండి ఒక్కటే అనడానికి లేదు, ప్రభుత్వాల చెయ్యీ ఉంది. అయినా ఈ లెక్క ఇంత చక్కగా కుదరడం యాదృచ్ఛికం అని నాకనిపించదు.

చార్మినార్ రూపాయికి ముందైతే హాలీ అన్నది ఒక్క నాణెం కాదు, ఒక గుంపు. గద్వాల, నారాయణపేట లాంటి చోట్ల కూడా టంకశాలలు ఉండేవి. చందూలాల్ తమ్ముడు గోవిందబక్ష్ పేరుతో గోవిందబక్షీ రూపాయి నడిచింది. 1830లలో ఔరంగాబాద్ టంకశాల పెస్తన్‌జీ కుటుంబానికి చెందిన పార్సీ సాహుకార్ల చేతిలో ఉండేది, అక్కడ పడిన రూపాయి పెస్తన్‌షాహీ. సర్కారు అప్పులిచ్చిన వాళ్ళకి టంకశాలలు అప్పజెప్పిన రోజులవి. ఒక ఊరి రూపాయి పక్క ఊళ్ళో మార్చాలంటే షరాబు వట్టం తీసుకునేవాడు. రైతు దగ్గర శిస్తు ఏ సిక్కాలో అడుగుతారు, ఆ సిక్కా అతనికి ఏ రేటుకి దొరుకుతుంది అన్న రెండు ప్రశ్నల మధ్య ఎన్ని కొంపలు మునిగాయో. సేకరించేవాళ్ళకి ఆ రకాలంటే ఇప్పుడు మహా ఇష్టం. అప్పట్లో వాటిని మోసినవాళ్ళకి మాత్రం ఒక్కో రకమూ ఒక్కో కోత.

ఇన్ని రకాలు, ఇన్ని సంవత్సరాలు ముద్ర పడితే మరి ఇవ్వాళ కొన్ని ఎందుకు అరుదు? ముద్ర వేసింది తక్కువ కావడం ఒక కారణం. రెండోది, అసలైనది, మూస. మొదటి ప్రపంచయుద్ధంలో వెండి ధర పెరిగి రూపాయిలు జనం పెట్టెల్లోకి వెళ్ళిపోయాయి. ఇటు నిజాం ప్రభుత్వం 1918లో కాగితం నోట్ల చట్టం చేసింది. అటు అదే సంవత్సరం అమెరికా పిట్‌మన్ చట్టం చేసి, తన ఖజానాలో ఉన్న వెండి డాలర్లు పాతిక కోట్లకు పైగా కరిగించి ఇంగ్లీషువాళ్ళకి అమ్మింది. ఆ వెండి వచ్చింది ఇండియాకి, రూపాయిలు చెయ్యడానికి. కరిగించేటప్పుడు ఏ సంవత్సరం డాలర్లు ఎన్ని పోయాయో ఎవరూ రాసుకోలేదు. అందుకే ఆ డాలర్లు సేకరించే అమెరికన్లు, టంకశాల రికార్డులో లక్షలున్న సంవత్సరం నాణెం బజార్లో ఎందుకు దొరకదో తెలియక ఇప్పటికీ తలలు పట్టుకుంటారు. మన చేతుల్లో తిరిగిన కల్దార్లలో కొన్ని అంతకుముందు డాలర్లుగా ఒక జన్మ ఎత్తినవే.

చార్మినార్ రూపాయికీ అదే గతి పట్టింది. 1950 తర్వాత కొన్నేళ్ళు హాలీ, భారత ప్రభుత్వ రూపాయి పక్కపక్కన నడిచి, 1959 నాటికి హాలీ పూర్తిగా చెల్లకుండా పోయింది. నోటు చెల్లకపోతే కాగితం. వెండి నాణెం చెల్లకపోతే వెండి. చాలామంది దాన్ని కంసాలికిచ్చి మట్టెలో, పట్టీలో, కుంకుమ భరిణో చేయించుకున్నారు. తప్పేం కాదు, వాళ్ళ వెండి వాళ్ళది. కాని ఎన్ని కరిగాయో, ఏ ఏళ్ళవి కరిగాయో చెప్పే లెక్క లేదు. ముద్ర వేసిన లెక్క ఉండి, మిగిలిన లెక్క లేని చోట ధర అనేది అంచనా మీద నడుస్తుంది. వెండి కిలో లక్ష దాటాక ఆ అంచనా ఇంకా చెదురుతుంది. మామూలు సంవత్సరం రూపాయికి సేకరించేవాళ్ళిచ్చేది వెండి ధర మీద ఏ కొంచెమో ఎక్కువ. వెండి పెరిగినప్పుడు ఆ కొంచెం కూడా కరిగిపోతుంది, మామూలు నాణేలు మూసలోకి వెళ్తాయి. ఇవ్వాళ మామూలు అనుకున్న సంవత్సరం ముప్ఫై ఏళ్ళ తర్వాత అరుదవడం అలా జరుగుతుంది.

ఇక్కడ సేకరించేవాళ్ళని మెచ్చుకోవాలి. వాళ్ళు లేకపోతే మూసకి అడ్డెవరూ లేరు. కాని వాళ్ళ బజారు ఒక నష్టం కూడా చేస్తుంది, అది తెలియాలంటే నాంపల్లి మ్యూజియం వైపు చూడాలి. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో ఒకే చోట పదిహేను వందలకు పైగా రోమన్ వెండి నాణేలు దొరికాయి. అగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవి ఎక్కువ. కొన్నిటి మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా గాటు పెట్టి ఉంటుంది. అమరావతిలో దొరికిన విద్ధాంక నాణేల కుప్పలో ఏడు వేలకు పైగా వెండి బిళ్ళలున్నాయి. నాణేల చరిత్రకారుడు పరమేశ్వరీలాల్ గుప్తా 1960లలో ఈ కుప్పలను వరస పెట్టి చదివి, ఏ గుర్తు ఏ గుర్తుతో కలిసి వస్తుందో పట్టిక వేశారు. రాష్ట్ర మ్యూజియం వాటిని పుస్తకాలుగా వేసింది. ఒక్క నాణెం చేతిలో ఉంటే ఇది సాధ్యం కాదు. కుప్ప మొత్తం కలిసి ఉండాలి.

దీనికి మన చరిత్రలోనే గొప్ప ఉదాహరణ ఉంది. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో 13 వేలకు పైగా వెండి నాణేలు బయటపడ్డాయి. అన్నీ క్షహరాత రాజు నహపానుడివి. అందులో తొమ్మిది వేలకు పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన గుర్తులు మళ్ళీ ముద్ర వేయించాడు. నహపానుణ్ణి శాతకర్ణి ఓడించి, అతని ఖజానాని తన పేరు మీదికి మార్చుకున్నాడని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? కాని ఆ కుప్ప దొరికిన రోజే పదిమంది పంచుకుని, తలా ఒక దారిన అమ్మేసుకుని ఉంటే, ఈ పాటికి ‘రెండుసార్లు ముద్ర పడిన వింత నాణెం’ అని ఒకటీ అరా ఏ వేలంపాటలోనో కనబడేవి. ధర బాగానే పలికేది. కథ పోయేది.

1878 నాటి నిక్షేపాల చట్టం చెప్పేది అదే. పాతిపెట్టిన సొత్తు దొరికి, దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి చెప్పాలి. పది రూపాయలంటే ఇప్పుడు ఒక వెండి రూపాయి ఖరీదులో ఏ మూలకీ రాదు, అంటే ఏది దొరికినా చెప్పాల్సిందే. చెప్పేవాళ్ళు ఎంతమంది? పొలం దున్నుతుంటే ముంత బయటపడ్డ రైతుకి కలెక్టరాఫీసు అంటే భయం, కంసాలి అంటే చుట్టరికం. ఇందులో రైతుని తిట్టి లాభం లేదు. ఆఫీసు వాకిట్లో దొంగని చూసినట్టు చూస్తారని అతనికి ముందే తెలుసు.

ఇంట్లో అమ్మమ్మ పెట్టెలో నాణేలున్నవాళ్ళకి ఈ గొడవ లేదు గాని, వాళ్ళు పాటించాల్సినవి కొన్ని ఉన్నాయి. దీపావళి ముందు విభూతితోనో చింతపండుతోనో వెండి నాణేలు తళతళా తోమడం మన ఇళ్ళల్లో ఆచారం. లక్ష్మీపూజకి బాగుంటుంది, నాణేనికి బాగుండదు. ఏళ్ళ మీద పట్టిన నల్లని పొర వెండిని కాపాడుతుంది. దాన్ని గీకితే సన్నని గీతలు పడి, అక్షరాల అంచులు అరుగుతాయి. అలాగే దండకి కట్టుకోవడానికి కొక్కెం అతికించినవి. అతుకు సరిగ్గా ఏ సంవత్సరం మీదో పడుతుంది. లంబాడీ ఆడవాళ్ళ నగల్లో అలాంటి రూపాయిలు చాలా కనబడతాయి. సేకరించేవాళ్ళు వాటికి తక్కువ కడతారు. నాకైతే వాటి మీదే మమకారం ఎక్కువ. ఆ నాణెం ఒక మనిషి మెడలో తిరిగింది, ఒక పెళ్ళి చూసింది. కాని నా మమకారానికి బజార్లో రేటు లేదు.

నకిలీలూ ఎక్కువే. పోత పోసిన చార్మినార్ రూపాయిలు ఫుట్‌పాత్ మీద ధారాళంగా దొరుకుతాయి. తూకం 11.1 గ్రాములకి బాగా అటూ ఇటూ ఉంటే అనుమానించాలి. అయస్కాంతానికి అంటుకుంటే ఇక అనుమానించేదేం లేదు, అది వెండి కాదు. అంచు చుట్టూ అతుకు గీత కనబడితే అది రెండు భాగాల మూసలో పోసినది. అచ్చు నాణెంలో అక్షరం అంచులు పదునుగా ఉంటాయి, పోత నాణెంలో సబ్బు మీద చెక్కినట్టు మెత్తగా ఉంటాయి. గుమ్మంలో అక్షరం అసలే చిన్నది, పోతలో ముందు చెడేది అదే.

ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామంది దేశం బయట ఉంటారు కాబట్టి ఒక మాట. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు నిండిన నాణెం పురావస్తువు. దాన్ని మనంతట మనం దేశం దాటించకూడదు. మహబూబ్ రూపాయిలన్నీ ఎప్పుడో ఆ గీత దాటేశాయి. ఉస్మాన్ రూపాయిలు సంవత్సరానికొకటి చొప్పున దాటుతున్నాయి. అమ్మమ్మ చేతిలో పెట్టిన రూపాయే కదా అని సూట్‌కేసులో వేసుకుని వెళ్ళే ముందు గుమ్మంలో అక్షరం, కింద అంకెలు చూసుకోండి.

ఇంకొక విషయం నన్ను చాలాకాలంగా తొలుస్తోంది. నిజాం నోట్ల మీద ఉర్దూ, ఇంగ్లీషులతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడం ఉన్నాయి. వెండి రూపాయి మీద తెలుగు లేదు, ఒక్క అక్షరం కూడా. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే భాష కాగితం దాకా వచ్చి ఆగింది. తెలుగు అక్షరాలున్న వెండి నాణేలు చూడాలంటే మద్రాసు టంకశాల వైపు వెళ్ళాలి. 1808 ప్రాంతాల్లో ఈస్టిండియా కంపెనీ అక్కడ వేయించిన అర వరహా, కాలు వరహా వెండి నాణేల మీద ఒకవైపు గోపురం, చుట్టూ నక్షత్రాలు, రెండోవైపు దేవుడి బొమ్మ చుట్టూ తమిళం, తెలుగు. కంపెనీకి భాష మీద ప్రేమ ఉండి కాదు, బజార్లో నాణెం చదివేవాళ్ళు తెలుగువాళ్ళూ తమిళులూ కాబట్టి. ఆబిడ్స్‌లో అవి అప్పుడప్పుడూ కనబడతాయి, చార్మినార్ల మధ్య వేరుగా, చిన్న కవర్లో. అమ్మేవాళ్ళకి వాటి మీది తెలుగు చదవడం కష్టం. రెండు వందల ఏళ్ళ కిందటి అచ్చు తెలుగు, గుండ్రాలు సరిగ్గా తిరగవు. మనం చదివి చెప్తే మాత్రం రేటు పెంచేస్తారు.

సైఫాబాద్ టంకశాల 1950లో భారత ప్రభుత్వం చేతికి వెళ్ళింది. 1997లో పని చర్లపల్లికి మారింది. పాత భవనంలో 2022లో మ్యూజియం తెరిచారు. హైదరాబాద్ నాణేనికి ఇప్పుడూ ఒక గుర్తుంది. జేబులో రూపాయి బిళ్ళ తీసి చూడండి, సంవత్సరం అంకె కింద చిన్న నక్షత్రం ఉంటే అది ఇక్కడ పడినదే.